కాలిన కొండకు కావలి కావాలి

సంపాదకుడు గారికి,

పోయిన వేసవిలో తలకోన దారిలో ఒక కొండవాలు మూడు రోజుల పాటు కాలింది. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక గత ఆదివారం అక్కడికి వెళ్లాను. దూరం నుంచి చూస్తే కొండంతా పచ్చగా ఉంది. దగ్గరికి వెళితే ఆ పచ్చదనం చాలావరకు నడుమెత్తు పెరిగిన బోద గడ్డిదే.

గడ్డిని చేతులతో పాయలు తీసి చూశాను. బొగ్గులా మాడిన ఒక ఎర్రచందనం మొదలు నుంచి నాలుగు పిలకలు లేచాయి. ఒక్కో కాడకు మూడేసి లేత ఆకులు. పది అడుగుల అవతల పొట్టి ఈత చెట్టులా కనిపించే పేరీత మొక్క. మాను నల్లగా కాలినా నెత్తిన కొత్త ఆకులు గొడుగులా విచ్చుకున్నాయి. శేషాచలంలోనూ దాని పొరుగు కొండల్లోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని మొక్క అది. ముప్పై ఏళ్లు పిల్లలకు దాని గురించి పాఠం చెప్పిన నేను అక్కడే కాసేపు కూర్చుండిపోయాను. అయితే ఎంత వెతికినా దాని చుట్టూ చిన్న మొక్క ఒక్కటీ కనిపించలేదు. ముదురు మాను మంటను తట్టుకుంటుంది, మొలక తట్టుకోలేదు. ఏటా కాలే కొండ మీద చివరికి మిగిలేది గడ్డే. మరుసటి ఏడు మంటకు ఆ గడ్డే మేత.

నన్ను బాధపెట్టింది మరొకటి. ఆ వాలు మీద ఎవరో విత్తన బంతులు, అంటే గింజలు పెట్టి చేసిన మట్టి ఉండలు, చల్లి వెళ్లారు. కరగకుండా మిగిలిన ఒకదాన్ని చిదిమితే సుబాబుల్ గింజలు బయటపడ్డాయి. మెక్సికో వైపు నుంచి వచ్చిన ఆ చెట్టు ఒకసారి వేళ్లూనితే పక్క మొక్కను బతకనివ్వదు. చల్లినవారి మనసు మంచిదే కావచ్చు. కానీ 1989లో జాతీయ వనంగా, 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన అడవుల్లో అలాంటి విత్తనం పడకూడదు. ఆ బంతులు చల్లే హడావిడిలో ఎన్ని పిలకలు కాళ్ల కింద నలిగాయో!

అటవీ అధికారులకు నా మనవి: కాలిన చోట మొక్కలు నాటే కార్యక్రమాలను దయచేసి ఆపండి. ఆ డబ్బుతో కావలి పెట్టండి. పిలకలు మనిషెత్తు దాటే దాకా ఆ వాలు మీదికి పశువులను రానివ్వకండి. 2014 మార్చిలో తిరుమల కొండల మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అంత దాకా రాకుండా ఉండాలంటే మంట చిన్నగా ఉన్నప్పుడే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పే మనుషులు దగ్గర్లో ఉండాలి. ఉపగ్రహం మంటను కనిపెట్టి ఫోనుకు సందేశం పంపుతుంది. వాలు ఎక్కవలసింది మనిషే. అడవిని ఇంటి పెరడులా ఎరిగిన యానాదులను, చుట్టుపక్కల పల్లెల యువకులను ఫైర్ వాచర్లుగా జనవరిలోనే తీసుకుని, ఏ నెల కూలి ఆ నెల ఇవ్వాలి. మంట పాకకుండా అడవిలో ఖాళీగా ఉంచే ఫైర్ లైన్లలో గడ్డి కోయడం కూడా అప్పటికే పూర్తి కావాలి. మార్చికల్లా ఎర్రచందనం ఆకు రాలుస్తుంది. ఎండిన బోద మీద ఆ ఆకు పరుచుకున్నాక చేయగలిగింది తక్కువ.

తిరిగి వస్తుంటే దారి పక్కన మసి పట్టిన మూడు రాళ్లు, వాటి మధ్య సగం కాలిన కట్టె కనిపించాయి. శివరాత్రికి సిద్ధేశ్వరస్వామి దర్శనానికి వేల మంది వస్తారు. వంటకు గుడి దగ్గరే ఒక చోటు చూపించి, అక్కడ నీళ్ల డ్రమ్ములు పెట్టి, అది దాటి పొయ్యి వెలిగించనివ్వకుండా అధికారులు ఈసారి ముందే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి