లఘుచిత్రాలకు లైకులే కొలమానమా?

సంపాదకులకు,

అయ్యా,

కళాశాలల వార్షికోత్సవాల కాలం వచ్చిందంటే మీ పత్రిక జిల్లా పేజీల్లో విద్యార్థుల లఘుచిత్రాల పోటీలకు ఆహ్వానాలు తరచుగా కనిపిస్తుంటాయి. డిగ్రీ విద్యార్థులకు జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ బోధిస్తూ, వారు తీసిన చిత్రాలను ఉత్సవాలకు పంపే పని కూడా చూసే అధ్యాపకుడిగా ఇటువంటి పోటీలు పెరగాలనే కోరుకుంటాను. అయితే వాటిలో చాలా ప్రకటనలలో ఒక నిబంధన తప్పకుండా ఉంటోంది. చిత్రాన్ని ముందుగా యూట్యూబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టి లింకు పంపాలని, ఎక్కువ వ్యూస్, లైకులు వచ్చిన చిత్రాలకే బహుమతులని అందులో రాస్తున్నారు. ఈ ఒక్క నిబంధన వల్ల మన విద్యార్థులకు జరుగుతున్న నష్టాన్ని నిర్వాహకుల దృష్టికి తేవడానికే ఈ లేఖ.

పేరున్న చలనచిత్రోత్సవాలు కొన్ని తమ తెర మీదనే చిత్రం మొదటిసారి కనిపించాలని కోరుకుంటాయి. దరఖాస్తులోనే ఈ చిత్రం ఇంటర్నెట్‌లో బహిరంగంగా అందుబాటులో ఉందా, ఇంతకుముందు ఎక్కడైనా ప్రదర్శించారా అని అడుగుతాయి. ఉందని రాస్తే కొన్నిచోట్ల చిత్రాన్ని చూడకుండానే పక్కన పెడతారు, లేదని రాస్తే అది అబద్ధమవుతుంది. తరువాత తొలగించినా ఒకసారి విడుదలైన చిత్రంగానే లెక్కించే ఉత్సవాలు ఉన్నాయి. అంటే కళాశాల స్థాయి పోటీలో ఒక మెమెంటో కోసం విద్యార్థి తన చిత్రానికి ఉన్న పెద్ద అవకాశాలను ముందే వదులుకుంటున్నాడన్నమాట. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పరు, నిర్వాహకులకు కూడా తెలియదనే నా అనుమానం.

మా విద్యార్థులు కొందరు గోదావరిలో పడవల మీద ఇసుక తీసే కూలీలపై ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. బకెట్ పట్టుకుని నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలేదాకా కెమెరాను కదపకుండా ఉంచి, పడవ అంచుకు నీరు తగిలే చప్పుడు తప్ప వేరే సంగీతం లేకుండా తీసిన ఒక దృశ్యం అందులో ఉంది. చేయి తిరిగిన దర్శకులు కూడా అంత ఓపిక పట్టరని నాకు అనిపించింది. ఆ చిత్రాన్ని వారు ఒక ప్రైవేటు సంస్థ నిర్వహించిన పోటీకి, పైన చెప్పిన నిబంధన ప్రకారమే, పంపారు. వాట్సాప్ గ్రూపుల్లో బంధుమిత్రులను బతిమాలి లైకులు కూడగట్టిన జట్టుకు బహుమతి దక్కింది. అందులో ఆశ్చర్యం లేదు, గెలిచిన పిల్లల తప్పు అంతకన్నా లేదు. కానీ న్యాయనిర్ణేతలు మా వాళ్ల చిత్రాన్ని చివరిదాకా చూశారో లేదో ఈనాటికీ తెలియదు. ఆ తరువాత దానిని ఒక జాతీయ స్థాయి ఉత్సవానికి పంపుదామని దరఖాస్తు తెరిస్తే, పైన చెప్పిన ప్రశ్న దగ్గరే ఆగిపోవలసి వచ్చింది.

విద్యార్థి చిత్రం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి దూరపు ఉదాహరణలు అక్కరలేదు. మైసూరులో వైద్యవిద్య చదివి, తరువాత పూణేలోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో చేరిన చిదానంద నాయక్ ఒక కన్నడ జానపద కథ ఆధారంగా తీసిన 16 నిమిషాల చిత్రం 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో ‘లా సినెఫ్’ విభాగంలో ప్రథమ బహుమతి గెలుచుకుంది. సినిమా పాఠశాలల విద్యార్థుల కోసమే ఉన్న ఆ విభాగానికి ఆ సంవత్సరం 2,263 చిత్రాలు రాగా 18 మాత్రమే ఎంపికయ్యాయి. ఆ చిత్రానికి యూట్యూబ్‌లో ఎన్ని లైకులు వస్తాయన్నది అక్కడ ఎవరికీ అవసరం లేని ప్రశ్న.

ఇంకో విషయం. ఫిల్మ్‌ఫ్రీవే వంటి వెబ్‌సైట్లు వచ్చిన తరువాత ఇంట్లో కూర్చుని ప్రపంచంలో ఏ ఉత్సవానికైనా చిత్రం పంపే వీలు కలిగింది. దానితోపాటే, ఎక్కడా తెర కట్టకుండా, ప్రేక్షకుడు అనేవాడు లేకుండా, నెలనెలా పదుల విభాగాల్లో విజేతలను ప్రకటించి, పోస్టరు మీద గెలుపు గుర్తుగా వేసుకోవడానికి రెండు ఆకుల బొమ్మ, ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్ పంపే ‘అంతర్జాతీయ’ ఉత్సవాలూ పుట్టుకొచ్చాయి. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నమాట. వీటి ప్రవేశ రుసుములు డాలర్లలో ఉంటాయి, గడువు దగ్గరపడేకొద్దీ పెరుగుతాయి. ఇంటర్నేషనల్ చెల్లింపులకు పనిచేసే కార్డు ఇంట్లో లేక, ఎవరో సీనియర్ కార్డు అడిగి రుసుము కట్టే పిల్లలను నేను ఎరుగుదును. రుసుము తీసుకునే ప్రతి ఉత్సవమూ మోసమని నేను అనడం లేదు. కానీ కిందటి సంవత్సరం ఏ హాలులో, ఏ తేదీల్లో ప్రదర్శించారో, న్యాయనిర్ణేతలు ఎవరో చెప్పలేని ఉత్సవానికి ఒక్క రూపాయి కూడా కట్టవద్దని విద్యార్థులకు చెబుతుంటాను. విద్యార్థులకు రుసుములో మినహాయింపు ఇచ్చే నిజమైన ఉత్సవాలు ఉన్నాయి, బోనఫైడ్ సర్టిఫికెట్ జతచేసి మర్యాదగా ఒక ఈమెయిల్ రాస్తే స్పందించేవారూ ఉన్నారు.

పాటల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పాత సినిమా పాట వాడుకుంటే ఎవరూ అడగరన్న నమ్మకం మన కళాశాలల్లో బలంగా ఉంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం విడుదలైన 60 ఏళ్లకు రికార్డింగుపై హక్కు ముగుస్తుంది గానీ, సాహిత్యంపైనా బాణీపైనా హక్కు వాటి కర్తలు మరణించిన తరువాత 60 ఏళ్లదాకా ఉంటుంది. ఘంటసాల 1974లో కన్నుమూశారు కనుక ఆయన స్వరపరిచిన బాణీలకు 2034 చివరిదాకా రక్షణ ఉన్నట్టే. సంగీతానికి అనుమతి పత్రాలు అడిగే ఉత్సవానికి అటువంటి చిత్రాన్ని పంపితే అక్కడితో కథ ముగుస్తుంది. పోటీ ప్రకటనలోనే ఈ సంగతి రెండు వాక్యాల్లో రాస్తే విద్యార్థి చిత్రీకరణకు ముందే జాగ్రత్తపడతాడు.

నిర్వాహకులను నేను కోరేది గొంతెమ్మ కోరిక ఏమీ కాదు. చిత్రాలను యూట్యూబ్‌లోనే తీసుకోదలిస్తే లింకు ఉన్నవారికి మాత్రమే కనిపించే ‘అన్‌లిస్టెడ్’ లింకు గానీ, లేదంటే విమియో అనే వీడియో వెబ్‌సైటులో పాస్‌వర్డు ఉన్న లింకు గానీ అడిగితే చాలు. ఎంపికను సినిమా తెలిసిన ముగ్గురికి అప్పగించి, వారి పేర్లు ముందే ప్రకటించాలి. ఎంపికైన చిత్రాలను సెమినార్ హాలులోనైనా సరే, కిటికీలకు తెరలు వేసి, స్పీకర్లు ముందుగా సరిచూసుకుని, పిల్లల సమక్షంలో పూర్తిగా ప్రదర్శించాలి. ప్రేక్షకుల అభిమాన చిత్రం అంటూ ఒక బహుమతి ఇవ్వాలనుకుంటే ఆ హాలులో ఉన్నవారి చేత ఓట్లు వేయించవచ్చు.

ప్రభుత్వాల విషయానికి వస్తే, కేరళలో రాష్ట్ర చలనచిత్ర అకాడమీ తిరువనంతపురంలో నిర్వహించే డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవంలో ఆ రాష్ట్ర విద్యార్థుల కోసం క్యాంపస్ చిత్రాల విభాగం ప్రత్యేకంగా ఉంది. విదేశాల నుంచి వచ్చిన డాక్యుమెంటరీలు ఆడే ఉత్సవంలోనే డిగ్రీ చదివే కుర్రవాడి చిత్రమూ ఆడుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చలనచిత్రాభివృద్ధి సంస్థలు ఉన్నాయి. ఏటా ఒకసారి, రుసుము లేకుండా, నిబంధనలన్నీ తెలుగులో ముద్రించి, విశాఖలో గానీ వరంగల్‌లో గానీ నాలుగు రోజుల విద్యార్థి ఉత్సవం జరపడం వాటికి భారం కాబోదు. బహుమతి మొత్తం ఘనంగా ఉండకపోయినా ఫరవాలేదు, ప్రదర్శన శ్రద్ధగా జరగాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఇటువంటి పోటీల ప్రకటన ప్రచురించే ముందు ఎంపిక ఎవరు చేస్తారు, చిత్రాన్ని బహిరంగంగా పెట్టాలా వద్దా, ప్రదర్శన ఎక్కడ అన్న మూడు వివరాలు నిర్వాహకులను అడిగి, వార్తలో చేర్చగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాస్ కమ్యూనికేషన్ అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం