ఓడిన బిడ్డర్ల గోడు ఎక్కడ వింటారు?

సంపాదకులకు,

రక్షణ టెండర్‌లో ఓడిన కంపెనీ ఫిర్యాదు చేస్తే సైన్యానికి అడ్డుపడుతోందన్న నింద మొదలవుతుంది. కాలయాపన జరిగే మాట నిజమే. అయితే అందుకు కారణం ఫిర్యాదు కాదు, దాన్ని గడువులోగా తేల్చే వ్యవస్థ మనకు లేకపోవడం.

అమెరికాలో ఆ పని గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ చేస్తుంది. అది రక్షణ శాఖ కింద కాదు, కాంగ్రెస్ కింద ఉంటుంది. ఓడిన బిడ్డరు ముందు డీబ్రీఫింగ్ అడగాలి. తన బిడ్‌లో ఏయే బలహీనతలు కనిపించాయో అధికారులు వివరించాలి. ఆ తర్వాత 5 రోజుల్లో ఫిర్యాదు సమాచారం శాఖకు చేరితే, అత్యవసరమని లేదా దేశ ప్రయోజనాలకు అవసరమని శాఖ రాతపూర్వకంగా తేలిస్తే తప్ప, కాంట్రాక్టు పనులు ఆగుతాయి. శాఖకు ఆ కబురు పంపేది ఆ ఆఫీసే కాబట్టి చివరి రోజు దాకా ఆగితే ఈ నిలుపుదల (స్టే) చేజారవచ్చు. శాఖ 30 రోజుల్లో రికార్డులతో జవాబివ్వాలి, 100 రోజుల్లో నిర్ణయం రావాలి.

‘మా సరుకే మేలు’ అన్న వాదన అక్కడ నిలవదు. టెండర్‌లో రాసిన కొలమానాలనే పాటించారా అన్నదే ప్రశ్న. 2008 ఫిబ్రవరిలో గాల్లో ఇంధనం నింపే ట్యాంకర్ విమానాల కాంట్రాక్టు నార్త్‌రాప్ గ్రమ్మన్‌కు దక్కింది; ఓడిన బోయింగ్ ఫిర్యాదు చేసింది. నిర్దేశిత లక్ష్యాన్ని మించినందుకు అదనపు గుర్తింపు ఉండదని టెండర్‌లో రాసి, మూల్యాంకనంలో దానికే మొగ్గు చూపారు. ఒక లక్ష్యాన్ని పూర్తిగా అందుకున్నట్టు బోయింగ్‌కు చెప్పి, తర్వాత పాక్షికమేనని తేల్చి, ఆ సంగతి చెప్పనేలేదు. జీవితకాల ఖర్చు లెక్కల్లోని తప్పులు దిద్దితే బోయింగ్‌దే తక్కువని తేలింది. జూన్‌లో బోయింగ్ ఫిర్యాదు నెగ్గింది. ఏ విమానం మంచిదన్న జోలికి మాత్రం ఆ నిర్ణయం పోలేదు.

మన దగ్గర 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు ఫిర్యాదుల పరిష్కార కమిటీలను ప్రతిపాదించింది. లోక్‌సభ రద్దుతో అదీ మురిగిపోయింది. ఇక ప్రధానంగా మిగిలింది కొనుగోలు చేసిన శాఖకే మొరపెట్టుకోవడం, లేదంటే హైకోర్టులో రిట్. టాటా సెల్యులార్ కేసులో 1994లో సుప్రీంకోర్టు చెప్పినట్టు కోర్టులు నిర్ణయాన్ని కాక, అది తీసుకున్న తీరును చూస్తాయి. మార్కుల పట్టికే చేతికి రాని బిడ్డరు ఆ తీరులో తప్పును ఎలా చూపగలడు?

అందుకే తప్పనిసరి డీబ్రీఫింగ్‌తో మొదలుపెట్టాలి. రక్షణ శాఖకు వెలుపలి సంస్థకు విచారణ అప్పగించి, స్టేకూ నిర్ణయానికీ గడువులను చట్టంలోనే రాయాలి. పసలేని ఫిర్యాదులకు ఖర్చులు విధించాలి.

— ఒక పాఠకుడు