కిడ్నీ రోగుల సంఘం వార్షిక సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఉద్దానం ఊళ్లన్నిటి నుంచి రెండేసి బస్సులు మారి వచ్చిన సభ్యులకు, వారి వెంట సంచులు, మందుల డబ్బాలు పట్టుకుని వచ్చిన ఇంటివారికి నమస్కారం.

నిబంధనావళి ప్రకారం కార్యదర్శి ఏటా నివేదిక చదవాలి. ఈ నివేదికలో సగం డయాలసిస్ మంచం మీద రాసిందే. నా ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన చోటు, ఎడమ చేతికి ఉంది. నాలుగు గంటలూ కుడి చెయ్యి ఖాళీయే కదా అని రాశాను. అక్షరాలు వంకరపోయిన చోట టైపు చేసిన అమ్మాయి ఊహించుకుని కొట్టింది. తప్పులుంటే నావి.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. పోయిన సమావేశంలో ముందు వరుసలో కూర్చున్నవారిలో కొందరు ఈ రోజు లేరు. అధ్యక్షులు వారి పేర్లు చదివారు, అందరం లేచి నిలబడ్డాం. అంతకంటే ఎక్కువ రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఏటా చేసే పనులు ఈ ఏడాదీ చేశాం. డయాలసిస్ చేయించుకునేవారికి వచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను కాగితాలు నింపిపెట్టాం. నిన్నటి ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుల్లో పేర్ల తప్పులు దిద్దించాం. డయాలసిస్ కోసం రైల్లో వెళ్లే రోగికీ, తోడు వెళ్లేవారికీ స్లీపర్ తరగతిలో 75 శాతం రాయితీ ఉందన్న సంగతి చాలామందికి ఇప్పటికీ తెలియదు. డాక్టరు సంతకం చేయాల్సిన ఫారం నకళ్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి, వెళ్లేటప్పుడు తీసుకోండి.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పని.

మందస వైపు నుంచి ఒక జీడితోట రైతు మా ఇంటికి వచ్చాడు. డయాలసిస్ కోసం మెడలో అప్పుడే గొట్టం వేశారు, చొక్కా కాలరు కింద కట్టు కనబడుతోంది. "మాస్టారూ, మంచి సెంటరు ఏదో మీరు చెప్పండి, అక్కడికే పోతాను" అన్నాడు. నేను నోటికి వచ్చిన జవాబు చెప్పాను: ఊరికి దగ్గరగా ఉన్నదానికి వెళ్లు. అతను వెళ్లిపోయాక నాకే సిగ్గు వేసింది. ఏళ్ల తరబడి సంఘం నడుపుతూ, ఏది మంచిదో ఎలా చెప్పాలో నాకే తెలియదు.

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. డయాలసిస్ అంటే విశాఖ. రాత్రి రైలు ఎక్కి, కింగ్ జార్జ్ ఆసుపత్రి వరండాలో తెల్లవార్చినవారు ఈ సభలోనే ఉన్నారు. తర్వాత మన వైపే కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి, హిరమండలం జలాశయం నీళ్లు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. ఎంచుకునే వీలు వచ్చింది గానీ, ఎంచుకోవడం మనకు ఎవరూ నేర్పలేదు. ఏసీ చల్లగా ఉందా, టీవీ ఉందా, సిస్టరు బాగా మాట్లాడుతుందా అని చూసి వస్తున్నాం.

అందుకని కార్యవర్గం ఒక ప్రశ్నల కాగితం తయారు చేసింది. ఇద్దరిద్దరు చొప్పున ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా కేంద్రాలకు వెళ్లి, ఆ కాగితం చేత పట్టుకుని అడగాలని తీర్మానించాం. డయాలసిస్ వార్డులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన ఒక సిస్టరమ్మ మూడు ఆదివారాలు కూర్చోబెట్టి మాకు పాఠం చెప్పారు. నేను బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

మొదటి పాఠం నీళ్ల గురించి. మనం ఇంట్లో గ్లాసుతో కొలుచుకుని రోజుకు లీటరు దాటకుండా తాగుతాం. అదే మనకు నాలుగు గంటల డయాలసిస్‌లో, నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున, 120 లీటర్ల ద్రవం ఫిల్టరులో మన రక్తానికి అవతలి పక్క నుంచి పారుతుంది. మధ్యలో ఉన్నది వెంట్రుక కంటే పలుచని పొర. మునిసిపాలిటీ నీళ్లలో కలిపే క్లోరిన్ తాగేవాళ్లకు మేలు చేస్తుంది, మన రక్తంలోకి చేరితే ఎర్ర కణాలను పగలగొడుతుంది. అందుకే ఆర్వో ప్లాంటుకు ముందు బొగ్గు ట్యాంకులు పెడతారు. షిఫ్టు మొదలయ్యే ముందు నీళ్లు పట్టి, మందు కలిపి, క్లోరిన్ మిగిలిందేమో రంగు చూసి రిజిస్టరులో రాయాలి. నెలకొకసారి నీళ్లలో బాక్టీరియా ఉందేమో లాబొరేటరీకి పంపాలి. మంచి కేంద్రం ఏదో తెలుసుకోవాలంటే హాలులోకి కాదు, ముందు నీళ్ల గదిలోకి వెళ్లాలని సిస్టరమ్మ చెప్పారు.

వెళ్లాం. ఒకచోట నీళ్ల గదికి తాళం. తాళంచెవి భోజనానికి వెళ్లిందన్నారు. గంటంబావు కూర్చున్నాక చెవి తిరిగి వచ్చింది. లోపల గోడకు దారంతో కట్టిన రిజిస్టరు వేలాడుతోంది. ఆ రోజు బుధవారం. రిజిస్టరులో శుక్రవారం ఉదయం షిఫ్టు దాకా గడులు నింపి ఉన్నాయి. ప్రతి గడిలో ఒకే నీలం పెన్నుతో "లేదు", పక్కన ఒకే సంతకం. మన కోశాధికారి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, "బాబూ, శుక్రవారం నీళ్లలో క్లోరిన్ ఉండదని బుధవారమే ఎలా తెలిసింది?" అని అడిగాడు. ఆ కుర్రవాడు నేల చూశాడు. అతన్ని నేను తప్పు పట్టను. ఎనిమిది మిషన్లకు అతనొక్కడే టెక్నీషియను. తప్పు పట్టాల్సినవాళ్లు ఆ గదికి ఎన్నడూ రాలేదు. యాజమాన్యానికి ఉత్తరం రాశాం. నెలన్నరకు "మీ సూచనలు పరిశీలనలో ఉన్నాయి" అని జవాబు వచ్చింది. ఆ కేంద్రం పేరు ఇందులో రాయడం లేదు. అక్కడ మనవాళ్లు మంచాల మీద ఉన్నారు, వారికి ఇబ్బంది రాకూడదు.

ఇంకోచోట ఇందుకు పూర్తిగా తలకిందులు. చిన్న కేంద్రం, గోడలకు సున్నం రాలిపోతోంది, టీవీ లేదు. కానీ సూది పెట్టే ముందు సిస్టరు ఫిల్టరు మీది చీటీ చదివి, రోగి చేత కూడా పేరు చదివించింది. చదువు రాని ముసలమ్మ ఉంటే ఆమె మనవడి చేత చదివించింది. మన వైపు చాలాచోట్ల ఒకే ఫిల్టరును కడిగి అదే మనిషికి మళ్లీ వాడతారు. వాడితే తప్పు కాదు. ఎన్నోసారో చీటీ మీద ఉండాలి, కడిగిన మందు మిగల్లేదని పట్టీ పరీక్ష చేయాలి, ఫిల్టరు లోపల పట్టే పరిమాణం కొత్తదానిలో 80 శాతం కంటే తగ్గితే పారేయాలి. మన సభ్యుడొకరికి వేరొకచోట ఇంకొకరి పేరున్న ఫిల్టరు బిగించబోయారు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కావడంతో ఆయనకు అనుమానం రాలేదు. పక్కమంచం ఆవిడ అరిచి ఆపింది. ఆ రోజు నుంచి ఆయన తన చీటీ తానే రెండుసార్లు చదువుకుంటున్నాడు. మీరూ చదువుకోండి.

కాగితంలో మిగతా ప్రశ్నలు మీ చేతిలో ఉన్నాయి, కొన్నిటి మీదే మాట్లాడతాను. హెపటైటిస్ బి ఉన్నవారికి వేరే గది, వేరే మిషను ఉందా అన్నది మొహమాటపడకుండా అడగాలి. మనకు ఆ టీకా మామూలు మోతాదుకు రెట్టింపు వేయాలి, వేశారో లేదో మన ఫైలులో చూసుకోవాలి. కిడ్నీ డాక్టరు నెలకు ఎన్నిసార్లు వచ్చి మంచం దగ్గర నిలబడతారు? డయాలసిస్‌కు ముందు, తర్వాత రక్తంలో యూరియా చూస్తున్నారా? కనీసం 65 శాతం తగ్గాలి. ముందు 150 ఉంటే తర్వాత 52 దగ్గరికి రావాలి. రాకపోతే రక్తం సరిగా శుభ్రపడనట్టే. ఈ లెక్క నాలుగో తరగతి పిల్లవాడు చేస్తాడు, మనం చేయడం లేదు.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆఖరి బస్సు పోతుందని అరగంట ముందే తీసేయమని సిస్టర్ల మీద పడేది మనమే. ఈ అరగంటలు వారానికి మూడు కలిస్తే గంటన్నర. అందుకే కాగితంలో ఆఖరి ప్రశ్నగా బస్సు వేళ చేర్చాం. చాలామంది నవ్వారు. బీపీ పడిపోయి, కాళ్లు లాగుతూ, ఆటోలో గంటన్నర ఊగిపోయేవాడికి దూరం కూడా వైద్యంలో భాగమే. విశాఖలో ఎంత గొప్ప కేంద్రమున్నా, మధ్యలో మానేసేట్టయితే అది మనకు మంచి కేంద్రం కాదు.

జనరేటరు ప్రశ్న వజ్రపుకొత్తూరు సభ్యులు పట్టుబట్టి పెట్టించారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన మీదికి వచ్చినప్పుడు కొబ్బరిచెట్లు రోడ్డు మీద అడ్డంగా పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మామూలుగా కూడా వారంలో రెండు రోజుల విరామం వచ్చినప్పుడే మనకు ఒంట్లో పొటాషియం, నీరు పెరిగి ప్రమాదం ఎక్కువ. ఇక నాలుగైదు రోజులంటే వేరే చెప్పాలా? అందుకే "జనరేటరు ఉందా" అని అడిగి ఊరుకోవద్దు. డీజిలు ఎన్ని గంటలకు ఉంది, కిందటిసారి ఎప్పుడు నడిపి చూశారు అని అడగాలి. ఒకచోట జనరేటరు ఉంది, దాని మీద పిల్లి ఈని ఉంది.

పనిచేసినవారి సంగతి. పోయిన సమావేశంలో ఈ తిరుగుడికి చేతులెత్తినవారు ఇరవై ఇద్దరు. పేర్లు నేనే రాసుకున్నాను. మొదటి ఆదివారం బస్టాండుకు వచ్చినవారు ఐదుగురు. ఆ ఐదుగురిలో ముగ్గురు డయాలసిస్ రోగులు. ఒంట్లో రోగం లేనివారికి ఆదివారం ఎందుకు తీరిక దొరకలేదో వారే చెప్పాలి. పెళ్లిళ్లు, ధాన్యం కోతలు, జీడిపిక్కల పని, అన్నీ నాకూ తెలుసు. చేతులు ఎత్తేటప్పుడు కూడా ఆ పనులన్నీ ఉన్నాయి.

మేం కూడగట్టిన వివరాలు ఇవ్వడానికి ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. నాలుగోసారి ఉదయం పది గంటలకు రమ్మన్నారు. వెళ్లాం. మూడు గంటల దాకా కూర్చున్నాం. మాలో ఇద్దరికి ఆ సాయంత్రమే డయాలసిస్ ఉంది. అధికారిగారు సమీక్షా సమావేశంలో ఉన్నారన్నారు. సమీక్ష దేని గురించి అని అడిగితే, "కిడ్నీ రోగుల సమస్యల గురించి" అని అటెండరు చెప్పాడు. కాగితాలు అతని చేతికే ఇచ్చి వచ్చాం. ఆ అటెండరు మాత్రం మా అందరికీ కుర్చీలు తెచ్చి వేశాడు, అందుకు ధన్యవాదాలు.

జమా ఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది. ప్రయాణాలకు, జిరాక్సులకు అనుకున్నదానికంటే ఎక్కువైంది, కార్యవర్గం ఆమోదించింది. బ్యాంకు పాసుపుస్తకం కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు.

కృతజ్ఞతలు చెప్పాల్సినవారు చాలామంది. పాఠం చెప్పిన సిస్టరమ్మకు, ఆదివారాలు గది తెరిచి ఇచ్చిన హైస్కూలు ప్రధానోపాధ్యాయులకు, ప్రశ్నల కాగితం సగం ధరకు అచ్చువేసిన ప్రెస్సు యజమానికి, కిరాయి తీసుకోకుండా రెండుసార్లు కవిటి దాకా దింపిన ఆటో సోదరుడికి, మమ్మల్ని నీళ్ల గదిలోకి రానిచ్చి, అడిగిన ప్రతిదానికీ ఓపికగా జవాబు చెప్పిన టెక్నీషియన్లకు, ఒడియాలో మాట్లాడే సభ్యులకు కాగితం చదివి వినిపించిన కాలేజీ పిల్లలకు, నలుగురు ఎప్పుడు వచ్చినా ఉప్పు తక్కువ ఉప్మా వండిపెట్టిన మా ఇంటావిడకు, మీ అందరి ఇళ్లలోనూ అలా వండుతున్నవారికి సంఘం రుణపడి ఉంది. బస్టాండుకు వచ్చిన ఆ ఐదుగురికి వేదిక మీద కండువాలు కప్పుతాం. పిలిచినప్పుడు మొహమాటపడకుండా రండి.

ఆ జీడితోట రైతు ఇప్పుడు సున్నం రాలే ఆ చిన్న కేంద్రానికే వెళ్తున్నాడు. కాగితం పట్టుకుని మూడు కేంద్రాలు తానే తిరిగి, తానే తేల్చుకున్నాడు. మెడలో గొట్టం తీసేశారు. చేతికి ఫిస్టులా చేశాక దానికి బలం రావడానికి రెండు నెలలు పట్టింది. మొన్న నా చేయి పట్టుకుని తన ఫిస్టులా మీద పెట్టి, "మాస్టారూ, పిల్లి గుర్రుమన్నట్టు లేదూ?" అన్నాడు. ఉంది. ఆ చేతికి బీపీ పట్టా కట్టనివ్వొద్దని, రక్తం తీయనివ్వొద్దని, దాని మీద ఒత్తిగిలి పడుకోవద్దని అతనికి చెప్పాను, మీకూ చెబుతున్నాను.

వచ్చే ఏడాది పనులు మూడు. తుపాన్ల కాలం రాకముందే ప్రతి కేంద్రంలో జనరేటరు మళ్లీ చూడాలి. బుధవారం నాడు శుక్రవారం సంతకం పెట్టిన చోటికి చెప్పకుండా ఇంకోసారి వెళ్లాలి. కొత్త కార్యదర్శిని ఎన్నుకోవాలి. మూడోదానికి ఈసారైనా ఎవరో ఒకరు నామినేషను వేస్తారని ఆశ.

భోజనాల గురించి ఒక మాట. పొటాషియం తగ్గాలని కూరగాయలు ఉడికించి నీళ్లు వంచేసి వండించాం, రుచి తగ్గిందని వంటవారిని అనవద్దు. పోయినేడు అతిథులొచ్చారన్న సంబరంలో ఊరివాళ్లు గేటు దగ్గరే అందరి చేతుల్లో కొబ్బరి బోండాలు పెట్టారు. ప్రేమగా ఇచ్చారని కాదనలేక ముగ్గురు తాగేశారు. పొటాషియం పెరిగి ఒకరు ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. ఈసారి బోండాలు అధ్యక్షులవారి గదిలో పెట్టి తాళం వేశాం. డయాలసిస్ లేనివారు మాత్రమే తాళంచెవి అడగాలి. సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవారు అంతకుముందు కోశాధికారిని కలవాలి.