ఆ నైట్ డ్యూటీ సిస్టర్‌కి

నాన్నని ఈరోజు మధ్యాహ్నం ఇంటికి తీసుకొచ్చాం. పక్షవాతం. తొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే. మాట తిరిగొచ్చింది, కుడిచేయి ఇంకా సరిగ్గా లేవట్లేదు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి కానీ ఇది రాయకుండా పడుకుంటే పొద్దున్నకి సగం మర్చిపోతానేమోనని భయం. అందరికీ విడివిడిగా ఫోన్లు చేసే ఓపిక లేదు, ఏమీ అనుకోకండి.

మా ఆవిడ, అక్క, బావ, తమ్ముడు వంతులేసుకుని చూసుకున్నారు. వాళ్లకి థాంక్స్ చెబితే తిట్లు పడతాయి కాబట్టి అదక్కడితో వదిలేస్తున్నా.

చెప్పాల్సింది నైట్ డ్యూటీ సిస్టర్ గురించి. పేరు రాయొద్దన్నారు, రాయను. రెండో రాత్రి, టైము రెండు దాటింది, నాన్న బీపీ చూసి వెళ్లబోతూ నా వైపు తిరిగి "సార్, మీరెప్పుడు చూపించుకున్నారు?" అన్నారు. నాకేంటండీ, 41 ఏళ్లు, బానే ఉన్నా అన్నాను. "నాన్నగారూ అలాగే అనుకుని ఉంటారు" అని కుర్చీ లాగారు. చొక్కా మీద నుంచి కాదు, చెయ్యి పూర్తిగా పైకి మడిపించారు. కాలు మీద కాలేసుకుంటే దించమన్నారు, వీపు ఆనించమన్నారు, చెయ్యి గుండె ఎత్తుకి రావాలని దాని కింద దుప్పటి మడతపెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమన్నారు. ఆ రెండ్రోజుల్లో నన్ను కూర్చోమన్న మనిషి ఆవిడొక్కరే. ఏడుపొచ్చేసింది. ఆవిడ చూడనట్టే ఎటో చూస్తూ "ఏడిస్తే రీడింగ్ ఎక్కువొస్తుంది సార్, మళ్లీ మొదట్నుంచి ఐదు నిమిషాలు" అన్నారు.

168/104. కాసేపాగి చూస్తే 164/102. నిద్రలేకుండా, టెన్షన్‌లో ఉన్న మనిషికి ఒక్క రాత్రి చూసి బీపీ ఉందని తేల్చకూడదట. అందుకని సెలైన్ సెట్ అట్టపెట్టె చింపి, గీతలు కొట్టి, తారీకు, టైము వేసి, ఆ తర్వాత ప్రతి డ్యూటీలో వచ్చి ఒక్కో గడీ నింపారు. వార్డునిండా పేషెంట్లు, నేను వాళ్లలో లెక్కలోకే రాను. ఒక్కరోజు కూడా 140/90 కిందకి రాలేదు. నిన్న ఆ అట్టముక్కే డాక్టరుకి చూపిస్తే మాత్ర మొదలుపెట్టారు. ఈసీజీ, కిడ్నీ టెస్టులు బాగున్నాయి, ఇంకా ఏదీ దెబ్బతినలేదన్నారు. ఉప్పు అన్నిట్లో కలిపి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ దాటకూడదు, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. సిగరెట్ సంగతి సిస్టర్ అడగలేదు, నా జేబు వైపు చూశారంతే. ఆ రాత్రి నుంచి ముట్టలేదు. వారమే అనుకోండి, గొప్పలు చెప్పుకునేంత కాదు.

ఒక్కదానికి మాత్రం కడుపు మండిపోతోంది. మోకాళ్ల నొప్పులని నాన్న ఎన్నేళ్లు ఎంతమంది డాక్టర్ల చుట్టూ తిరిగారో లెక్కలేదు. నొప్పి బిళ్లలు రాసిచ్చారు (వాటిల్లో కొన్ని బీపీని పెంచుతాయని ఇప్పుడు తెలిసింది), బీపీ చూద్దామని చేతికి పట్టీ చుట్టిన పాపాన ఒక్కరూ పోలేదు. పడిపోయాక మాత్రం స్కానింగులు, ఐసీయూ, స్పెషలిస్టులు, అర్ధరాత్రయినా అన్నీ పరుగెత్తుకొచ్చాయి. బీపీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి అది ఉన్నట్టే తెలీదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఎలా తెలుస్తుంది, ఓపీలో మనిషికి రెండు నిమిషాలు కూడా ఇవ్వకపోతే? సరే, తిట్టే ఓపిక కూడా లేదిప్పుడు.

అయ్యో, ఫిజియోథెరపీ అబ్బాయిని మర్చిపోయా, నాన్న విసుక్కుంటున్నా నవ్వుతూనే వేళ్లు కదిలించాడు. స్ట్రెచర్ తోసిన పెద్దాయన. ఆఫీసులో నా పని నెత్తినేసుకున్న ఇద్దరు. ఆ, పక్క బెడ్ వాళ్లమ్మాయి కూడా. ఫోన్ ఛార్జర్ ఇచ్చింది, ఇందాక బ్యాగు సర్దుతుంటే నా దగ్గరే ఉండిపోయిందని చూశాను. అమ్మా, ఇది నీకంట పడితే మెసేజ్ పెట్టు, తెచ్చిస్తాను.