పొట్లంలో ఉన్న బిళ్ళ పేరేమిటి? ఒడిశా ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పర్లాకిమిడిలో జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మందుల షాపులున్న వీధిలోనే నాదీ. ఒడియా ధారాళంగా మాట్లాడతాను గానీ తప్పుల్లేకుండా రాయలేను. అందుకే తెలుగులో రాస్తున్నాను, ఏమనుకోకండి.

కాపీల కోసం వచ్చేవాళ్ళతో పాటు, "బాబూ, ఇది ఎప్పుడేసుకోవాలో చూసి చెప్పు" అంటూ మందులు పట్టుకుని కూడా జనం నా దగ్గరికి వస్తారు. డాక్టరు చీటీ ఉంటే ఎలాగో కూడబలుక్కుని చదువుతాను. చదవగలిగేలా రాయమని 2024 జనవరిలో మన హైకోర్టు చెప్పాక కొందరి రాత నిజంగానే బాగుపడింది. చీటీ లేనివాళ్ళతోనే చిక్కు. వాళ్ళ చేతిలో ఉండేది చిన్న కాగితం పొట్లం. తెల్లది ఒకటి, గులాబీది ఒకటి, సగానికి విరిచిన పసుపుది ఒకటి. స్ట్రిప్పు లేదు, బిల్లు లేదు, పేరు లేదు.

మా పెద్దమ్మ మూడేళ్ళ పాటు అలాంటి పొట్లాల మీదే నడిచింది. మోకాళ్ళ నొప్పులకి ఒక చోట "సెట్టు" కట్టించుకునేది. పూటకి మూడు నాలుగు బిళ్ళలు కలిపి కడితే అది సెట్టు. మొదటిసారి వేసుకున్న రెండో రోజే లేచి నాట్లకి వెళ్ళిపోయింది. ఆకలి పెరిగింది. కొన్ని నెలలకి మొహం గుండ్రంగా, నిగనిగలాడుతూ తయారైంది. "ఒళ్ళు చేసింది, ఇప్పుడు బాగుంది" అని ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఆ వాపుని ఆరోగ్యం అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

సంక్రాంతికి కూతురింటికి వెళుతూ పొట్లాలు ఇంట్లో మర్చిపోయింది. నాలుగో రోజుకి వాంతులు, నీరసం. బాత్రూమ్ దగ్గర పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళితే బీపీ అందడం లేదన్నారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ముందు అడిగింది, "ఏం మందులు వాడుతున్నారు?" అని. మా బావ బండి మీద ఊరికి పోయి ఒక పొట్లం తెచ్చాడు. ఆవిడ బిళ్ళల్ని అరచేతిలో పోసుకుని, ట్యూబ్‌లైటు కిందకి వెళ్ళి తిప్పి తిప్పి చూసింది. "ఇందులో స్టెరాయిడ్ ఉండి ఉండాలి. ఎంత డోసో, ఏదో నాకెలా తెలుస్తుంది?" అంది. ఊహ మీదే వైద్యం మొదలుపెట్టింది. పెద్దమ్మ బతికింది. ఇప్పుడు షుగరుంది, నడుం ఎముక గుల్లబారిందన్నారు.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనడం లేదు. ఆస్తమాలో, కీళ్ళవాతంలో ప్రాణం నిలబెట్టేది అదే. కానీ నెలల తరబడి బయటి నుంచి వస్తుంటే, ఒళ్ళు తాను చేసుకోవాల్సిన స్టెరాయిడ్‌ని చేసుకోవడం మానేస్తుంది. అప్పుడు ఒక్కసారిగా ఆపితే మనిషి కూలిపోతాడు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఈ సంగతి చెప్పాలంటే ముందు ఆ బిళ్ళ ఏమిటో తెలియాలి కదా! ఇలాంటి సెట్టుల్లో రెండోది మామూలుగా నొప్పుల మాత్ర, డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో. పగలంతా ఎండలో పనిచేసి నీళ్ళు సరిగా తాగని మనిషికి అది కిడ్నీల మీద దెబ్బ. మా పక్కనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు, దాన్ని మాత్రల మీదకి నెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ గాలీ నీళ్ళ పక్కనే ఉన్న జనం ఇలాంటి బిళ్ళల్ని శనగల్లా మింగుతుంటే టెన్షన్‌గా ఉండదా?

చట్టం లేదని కాదు. షెడ్యూల్ హెచ్ అనే సర్కారు జాబితాలోని మందు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి నుంచి హెచ్1 అనే ఇంకా కఠినమైన జాబితా కూడా ఉంది. కొన్ని యాంటీబయాటిక్‌లు, నిద్రమాత్రల్లాంటివి ఎవరు రాశారో, ఎవరు కొన్నారో, ఎన్ని కొన్నారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకి క్యూఆర్ కోడ్ కూడా పెట్టించారు. స్కాన్ చేస్తే బ్యాచ్, గడువు అన్నీ వస్తాయట. మా వీధిలో ఏం స్కాన్ చేయాలి? పొట్లం కాగితాన్నా?

2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథైలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తమిళనాడు ల్యాబ్ తేల్చింది. అంత ఘోరంలోనూ సీసా మీద కంపెనీ పేరూ బ్యాచ్ నంబరూ ఉన్నాయి కాబట్టి, మిగతా సీసాల్ని వెతికి ఆపగలిగారు. రేపు మా దగ్గర ఒక బ్యాచ్ బిళ్ళల్లో తేడా వస్తే ఎవరు ఎవర్ని వెతకాలి?

ఇంకో చిక్కు సరిహద్దు. ఆంధ్రాలో ఉన్న పాతపట్నం మాకు పక్క వీధితో సమానం. ఇక్కడ చూపించుకుని అక్కడ కొంటాం, అక్కడ చూపించుకుని ఇక్కడ కొంటాం. మీ డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గీత దాటలేడు, ఆంధ్రా ఇన్‌స్పెక్టర్ ఇటు రాలేడు. బిళ్ళకి మాత్రం అడ్డులేదు. ఇద్దరూ నెలకోసారి కలిసి తనిఖీకి వస్తే చాలు, సెట్లు కట్టేవాళ్ళ చేతులు కాస్త వణుకుతాయి.

నేను అడిగేది చిన్నదే. స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చినా సరే, మందు పేరు, బ్యాచ్, గడువు ఒక కవరు మీద రాసి ఇవ్వాలి. ఎప్పుడు వేసుకోవాలో ఒడియాలోనూ తెలుగులోనూ, కొండమీది వాళ్ళకి సవర భాషలోనూ ఉండాలి. జనానికి అర్థమయ్యే భాషలో రాయాలని పోరాడింది, సవరలకి నిఘంటువు తయారుచేసింది ఈ ఊళ్ళో మేష్టరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారే. మందు వికటిస్తే చెప్పుకోవడానికి కేంద్రం వాళ్ళ ఫారం తెలుగులోనూ ఒడియాలోనూ ఉంది, 1800-180-3024 అని ఫ్రీ నంబరూ ఉంది. ఆ నంబరు మా వీధిలో ఒక్క గోడ మీద కూడా నాకు కనబడలేదు.

కవరు నమూనా ఒకటి నేనే గీశాను. పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, అన్నానికి ముందో తర్వాతో చెప్పే కంచం బొమ్మ, కింద మందు పేరుకి ఖాళీ గీత. రెండు షాపుల వాళ్ళకి చూపించాను. "సర్కారు ముద్ర ఉంటే వాడతాం" అన్నారు. ఈ ఉత్తరంతో పాటు ఒక కాపీ పంపుతున్నాను. ముద్ర వేసి తిప్పి పంపితే మొదటి వెయ్యి కాపీలకి నేను డబ్బులు తీసుకోను.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా