వెంగెన్ కొండ దారిలో నాకు తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

నమస్తే అండీ. స్విట్జర్లాండ్‌లో కొండ దారిలో నా కాలు విరిగిందని తెలిసి ఫోన్లు చేసిన, మెసేజ్‌లు పెట్టిన అందరికీ ముందుగా ధన్యవాదాలు. ఇప్పుడు బాగున్నాను. ఊతకర్రలు లేకుండానే నడుస్తున్నాను. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు ఇవ్వలేకపోయాను. అందుకే నాకు సాయం చేసినవాళ్ళందరి గురించీ ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళలో కొందరి పేర్లు నాకు తెలియవు. తెలిసినవాళ్ళేమో తమ పేర్లు రాయొద్దన్నారు.

నేను బెర్న్ దగ్గర ఒక కుటుంబంతో ఉంటూ ఓపేర్‌గా చేస్తున్నాను. వాళ్ళింట్లోనే గది, భోజనం, చేతి ఖర్చులకు కొంత డబ్బు ఇస్తారు. వారానికి 30 గంటలు మించకుండా పిల్లల్ని చూసుకోవాలి, మిగతా టైంలో జర్మన్ క్లాసుకు వెళ్ళాలి. మన దేశం నుంచి వచ్చేవాళ్ళకు 18 నుంచి 25 ఏళ్ళ మధ్యలోనే, అదీ గరిష్ఠంగా ఒక్క ఏడాదికే పర్మిట్ ఇస్తారు. తెనాలి నుంచి బయల్దేరేటప్పుడు అమ్మకు ఒకటే బెంగ. "అక్కడ నీకేమన్నా అయితే పలకరించే దిక్కెవరే?" అని.

వేసవి సెలవులకు మా హోస్ట్ కుటుంబం వెంగెన్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంది. నన్నూ తీసుకెళ్ళారు. 1,274 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. కార్లో నేరుగా వెళ్ళడానికి దారి లేదు. కింద లౌటర్‌బ్రున్నెన్‌లో కారు పెట్టేసి, 1893 నుంచి నడుస్తున్న పళ్ళచక్రాల రైలెక్కి పైకి వెళ్ళాలి. ఊళ్ళో కార్ల రొద ఉండదు. కిటికీ తీస్తే ఎదురుగా 4,158 మీటర్ల యుంగ్‌ఫ్రావ్ శిఖరం. మొదటి సాయంత్రం దూరంగా ఉరిమినట్టు వినిపిస్తే వాన వస్తుందేమో అనుకున్నాను. అది ఉరుము కాదు, ఆ కొండ మీద నుంచి మంచు విరిగి పడుతున్న చప్పుడని మా పిల్లల నాయనమ్మ చెప్పారు. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడిపోయాను.

జూలై చివర్లో ఒకరోజు అందరం కేబుల్ కారులో మేన్‌లిఖెన్‌కి వెళ్ళి, అక్కడి నుంచి క్లైనె షైడెగ్ దాకా నడిచాం. అది తేలికైన దారి, చిన్నపిల్లలు కూడా నడుస్తారు. ఎదురుగా ఐగర్, మ్యోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలూ వరుసగా కనిపిస్తూనే ఉంటాయి. అక్కడ భోజనం చేసి, వెంగెర్నాల్ప్ స్టేషన్ వైపు కిందికి దిగుతున్నాం. ముందు రాత్రి పడిన వానకు మట్టి నానిపోయి ఉంది. నేను కాలు పెట్టిన రాయి మట్టితో సహా కదిలిపోయింది. పాదం మెలిపడి కింద పడ్డాను. పడేటప్పుడు లోపల టప్‌మని చప్పుడు వినిపించింది. "అమ్మా!" అని గట్టిగా అరిచాను.

ఆ తర్వాత జరిగింది ఒక్కొక్కటీ చెప్పాలి.

మా వెనక నడుస్తూ వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు, యాభై దాటి ఉంటారు, పరుగున వచ్చారు. ఒకావిడ నేల మీద కూర్చుని నా మడమను రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నారు. నేను బూటు విప్పబోతే వద్దని ఆపారు. వాపు పెరుగుతుందనీ, ఇప్పుడు కాలికి ఆ బూటే ఆసరా అనీ చెప్పారు. లోపల వేళ్ళు కదుపుతున్నావా, స్పర్శ తెలుస్తోందా అని అడిగారు. రెండో ఆవిడ తన నడక కర్రలను పొట్టిగా మడిచి, జాకెట్‌ను చుట్టగా చుట్టి, సంచిలోంచి తీసిన మూడు మూలల గుడ్డతో వాటిని నా కాలికి ఇరువైపులా కట్టేశారు. ముడి కాలి మీద ఒత్తుకోకుండా పక్కకు జరిపి వేశారు. వాళ్ళు నర్సులేమో అనుకున్నాను. కాదు, ఒకావిడ పోస్టాఫీసులో, ఇంకొకావిడ పూల షాపులో పనిచేస్తారట. ఈ దేశంలో డ్రైవింగ్ లైసెన్సు కావాలంటే సాధారణంగా ముందు ప్రథమ చికిత్స కోర్సు చేయాల్సిందేనని మా హోస్ట్ మదర్ తర్వాత చెప్పారు. మన దగ్గర కూడా లైసెన్సుకు ముందు ఇది అందరికీ గట్టిగా నేర్పిస్తే రోడ్ల మీద ఎన్ని ప్రాణాలు నిలబడతాయో అని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

ఇక్కడ అంబులెన్సుకు 144, కొండల్లో హెలికాప్టర్ కావాలంటే రేగా వాళ్ళ నంబరు 1414. స్విట్జర్లాండ్ చూడటానికి వచ్చే మనవాళ్ళు ఈ రెండూ ఫోన్లో పెట్టుకోండి. నాకు హెలికాప్టర్ అవసరం రాలేదు, రైలు స్టేషన్ దగ్గర్లోనే ఉంది. కానీ ఆ దగ్గరైనా ఎలా వెళ్ళాలి? మా హోస్ట్ ఫాదర్ నన్ను వీపున ఎక్కించుకుని కొంతదూరం నడిచారు. ఆయనా జారే ప్రమాదం ఉందని ఆవిడలు ఆపారు. అప్పుడు పూల షాపు ఆవిడ పక్కనున్న పశువుల కొట్టం దగ్గరికి వెళ్ళి ఒక రైతును వెంటబెట్టుకొచ్చారు. వేసవిలో ఆవుల్ని కొండ మీదికి తోలుకొచ్చి, అక్కడే పాలు పితికి, అక్కడే చీజ్ చేస్తారు. అలాంటి రైతు ఆయన. ఏటవాలు గడ్డి మీద నడిచే చిన్న ట్రక్కులో పాల క్యాన్లు ఉంటే, మారు మాట్లాడకుండా వాటిని దించేశారు. గోనె సంచుల్లో గడ్డి కూరి, దాని మీద దుప్పటి పరిచి నన్ను పడుకోబెట్టారు. బండిలో పాలు, పచ్చిగడ్డి కలిసిన వాసన. గతుకు వచ్చిన ప్రతిసారీ వెనక్కి తిరిగి నా ముఖం చూసి, ఇంకా నెమ్మదిగా పోనిచ్చారు. స్టేషన్లో దింపాక మా హోస్ట్ మదర్ డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయారు. నా నోటికి డాంకె (జర్మన్‌లో థాంక్స్) అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ రాలేదు. అయ్యా, మీరు తెలుగు చదవరు. అయినా మీకు నా దణ్ణం.

రైలొచ్చింది. గార్డు గారు నా కాలు చాపుకోవడానికి ఎదుటి సీటు ఖాళీ చేయించారు. నా వెంట వచ్చిన పాప బిక్కుబిక్కుమంటూ నా చెయ్యి వదలడం లేదు, బాబు ఏడుపు ఆపడం లేదు. రైలు కుదుపుకు మళ్ళీ "అమ్మా" అన్నాను. పక్క వరసలోంచి ఒక గొంతు, "తెలుగమ్మాయివా తల్లీ?"

ఆ మాట వినగానే అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారిగా వచ్చేసింది. ఆ పిన్ని గారు వచ్చి నా పక్కన కూర్చుని, తల తన భుజానికి ఆనించుకుని, కొంగుతో ముఖం తుడిచారు. వణుకుతున్నానని తన శాలువా తీసి కప్పారు. బ్యాగులోంచి జంతికల డబ్బా తీసి, ఎక్స్‌రే తీసేదాకా నేనేమీ తినకూడదన్నారని తెలిసి, "అయితే పిల్లలకి పెడతానమ్మా" అని వాళ్ళ చేతుల్లో పెట్టారు. బాబాయి గారు రిటైరైన లెక్కల మాస్టారట. రూపాయి బిళ్ళను గుప్పిట్లో మాయం చేసి మా బాబు చెవి వెనక నుంచి తీస్తే వాడు ఏడుపు మర్చిపోయాడు. మావాళ్ళకు తెలుగు రాదు, ఆయనకు జర్మన్ రాదు. లౌటర్‌బ్రున్నెన్ వచ్చేదాకా ముగ్గురూ ఆ బిళ్ళతో ఆడుకుంటూనే ఉన్నారు. దిగాక వాళ్ళ టూర్ బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. గైడు పిలుస్తున్నా పిన్ని గారు నన్ను కారెక్కించేదాకా కదల్లేదు.

ఇంటర్‌లాకెన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. చీలమండ బయటివైపు ఎముక విరిగింది, కానీ పక్కకు జరగలేదు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆరు వారాలు గట్టి ప్లాస్టిక్ బూటు, ఊతకర్రలు, రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్ట దగ్గర ఒక ఇంజెక్షన్. నిజం చెప్పాలంటే అక్కడ పడుకున్నప్పుడు నొప్పి కంటే బిల్లు టెన్షనే ఎక్కువగా ఉంది. పని చేయలేను కదా, ఇంటికి పంపించేస్తారేమోనన్న భయం ఇంకోవైపు.

ఆ రెండు భయాలూ తీర్చింది బెర్న్‌లో నర్సుగా పనిచేస్తున్న మన తెలుగు అక్క. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన నాలుగు ముక్కలు చూసి, డ్యూటీ దిగీ దిగగానే ఫోన్ చేసింది. డాక్టర్ చెప్పినదంతా నాకు తెలుగులో విడమరిచి చెప్పింది. తర్వాత ఇన్సూరెన్స్ సంగతి. ఇక్కడ జీతానికి పనిచేసే ప్రతివాళ్ళకూ యజమాని ప్రమాద బీమా చేయించి తీరాలని చట్టం. వారానికి కనీసం 8 గంటలు ఒకేచోట పనిచేస్తే, సెలవుల్లో, పని బయట జరిగిన ప్రమాదాలకు కూడా అది వర్తిస్తుంది. ఆరోగ్య బీమాలో ముందు మన చేతి నుంచి కొంత కట్టాల్సి ఉంటుంది, ఇందులో అదీ లేదు. మూడో రోజు నుంచి జీతంలో 80 శాతం కూడా వస్తుంది. ఓపేర్లు కూడా దీని కిందికే వస్తారు. ఇక్కడికి రావాలనుకునే చెల్లెళ్ళకు నాదొక మాట. కాంట్రాక్టులో ఈ బీమా గురించి స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి. మా హోస్ట్ కుటుంబం నేను వచ్చిన మొదటి రోజు నుంచే అన్నీ పద్ధతిగా చేసిపెట్టింది కాబట్టి నా చేతి నుంచి ఆసుపత్రికి ఒక్క ఫ్రాంక్ కూడా పోలేదు.

అమ్మకు ఆ వార్త చెప్పింది కూడా అక్కే. "పిన్నీ, మీ అమ్మాయికి ఆపరేషన్ లేదు, భయం లేదు, నేను గంట దూరంలోనే ఉన్నాను" అని మొదలుపెట్టి, ఆ తర్వాతే కాలు విరిగిన సంగతి చెప్పిందట. అమ్మ ఇప్పటికీ ఆ ఫోన్ గురించి చెప్పుకుంటుంది. ఆదివారం అక్క వెంగెన్ దాకా రైల్లో వచ్చింది. పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి, ఒక డబ్బా నిండా జంతికలు తెచ్చింది. జంతికలు నాకు కాదు, రైల్లో తిన్నప్పటి నుంచి అవే కావాలంటున్న మా పిల్లలకు.

ఇక మా ఇంటివాళ్ళ గురించి. ఇంటికి పంపించేస్తారా అని నేను అడగలేక అడిగితే హోస్ట్ మదర్ నా మంచం మీద కూర్చుని, "నువ్వు మా ఇంట్లో మనిషివి. కాలు బాగయ్యేదాకా పిల్లలే నిన్ను చూసుకుంటారు" అన్నారు. అన్నట్టే జరిగింది. నా బూటు నిండా ఆవు బొమ్మల స్టిక్కర్లు అంటించారు. నేను స్నానానికి వెళ్తే బాబు తలుపు బయట ఊతకర్రలకు కాపలా. ఇంజెక్షన్ మాత్రం నాయనమ్మ గారు చేసేవారు. చేసే ముందు తన అరచేతులు రుద్దుకుని వేడి చేసుకునేవారు, చల్లటి చేత్తో ముట్టుకుంటే నేను ఉలిక్కిపడతానని. సెలవులు ముగించి వెళ్ళిపోదామా అని పెద్దవాళ్ళు నన్ను అడిగి, నేను ఉందామంటేనే ఉన్నారు. ఆగస్టు 1 వీళ్ళ జాతీయ దినం. 1291లో కొండ ప్రాంతాలవాళ్ళు కలిసికట్టుగా ఉంటామని చేసుకున్న ఒప్పందాన్ని తలచుకుంటారు. ఆ రాత్రి కొండల మీద పెద్ద పెద్ద మంటలు వేస్తారు, పిల్లలు కాగితం లాంతర్లు పట్టుకుని తిరుగుతారు. నేను రాకపోతే మేమూ వెళ్ళమని పిల్లలు భీష్మించుకుంటే, పక్క హోటలువాళ్ళు వీల్‌చైర్ ఇచ్చారు. పాప లాంతరు నా చేతికిచ్చి, తను కుర్చీ తోసింది.

మీ అందరికీ ఎంత రాసినా తక్కువే.

చివరగా ఒక విన్నపం. ఆ రైల్లో కలిసిన పిన్ని గారూ, బాబాయి గారూ, మీ పేర్లు అడిగే తెలివి ఆ క్షణంలో నాకు లేదు. మీ అమ్మాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటుందనీ, మనవడిని చూడటానికి వచ్చి అటు నుంచి టూరుకు వచ్చామనీ చెప్పినట్టు గుర్తు. ఈ గుర్తులున్న పెద్దవాళ్ళు ఎవరికైనా తెలిస్తే దయచేసి ఈ పోస్టు వాళ్ళకు చేర్చండి. ఆవపువ్వు రంగు శాలువా, మెరూన్ అంచు, నా దగ్గరే ఉండిపోయింది. నా పర్మిట్ అయిపోయి ఇంటికి వచ్చాక, మీరు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి అమ్మను తీసుకుని వస్తాను. మా బాబు ఆ రూపాయి బిళ్ళ తిరిగివ్వనంటున్నాడు, అదొక్కటీ మన్నించండి. పాప మాత్రం మీ ఇద్దరి బొమ్మ గీసి ఇచ్చింది, శాలువాతో పాటు తెస్తాను.