కింది వాటా ఆంటీకి, ఆశా అక్కకి, ఎదురింటి ఆటో తమ్ముడికి

నిన్న పదకొండో రోజు స్నానం అయింది. పాప పడుకున్న ఈ కాస్త టైంలో రాస్తున్నాను.

కాన్పుకి కంచరపాలెంలో అమ్మ దగ్గరికి వచ్చాను. తొలిచూలు. కడుపు గట్టిపడితే చాలు, బ్యాగు పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. 38వ వారంలో ఒక రాత్రి అలాగే వెళ్లి, దొంగ నొప్పులని చెప్తే తిరిగొచ్చాం. మా ఆయన ఏమీ అనలేదు గానీ నాకే సిగ్గేసింది.

మర్నాడు కింది వాటా ఆంటీ పెన్సిల్ తెచ్చి నా చేతిలో పెట్టారు. రిటైరైన నర్సు ఆవిడ. "నొప్పి మొదలైన టైం క్యాలెండర్ వెనక రాయి. నాలుగడుగులు వేస్తేనో, నీళ్లు తాగి పడుకుంటేనో తగ్గితే అది దొంగది. నిజమైంది నువ్వేం చేసినా ఆగదు, రానురాను దగ్గరవుతుంది." 5 నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషంపాటు, గంటసేపు అలాగే వస్తే బయల్దేరమన్నారు. జిగురులో కాస్త ఎరుపు కనిపిస్తే కంగారొద్దట, కాన్పుకి ఇంకో రోజో రెండు రోజులో పట్టొచ్చు. ఉమ్మనీరు పోయినా, రక్తం పడినా, బిడ్డ కదలిక తగ్గినా మాత్రం లెక్కలు చూస్తూ కూర్చోకూడదు, నొప్పి లేకపోయినా సరే.

గురువారం తెల్లవారుజామున 3 గంటలకి చూస్తే పక్క తడిగా ఉంది. నొప్పి లేదు. నెలలు నిండాక తుమ్మితే నాలుగు చుక్కలు పడటం మామూలే కదా, అదే అనుకున్నాను. అమ్మేమో "అమావాస్య, తెల్లారనీ" అంది. ఆంటీకి ఫోన్ చేస్తే నైటీ మీదే పైకొచ్చి ప్యాడ్ పెట్టుకోమన్నారు. పావుగంటలో తడిసిపోయింది. మూత్రం వాసన లేదు. "రంగు ఆకుపచ్చగా లేదు, అంతవరకు నయం. పదండి" అన్నారు. అమావాస్య సంగతి అమ్మకి ఏం చెప్పారో గానీ, నాకంటే ముందు అమ్మే ఆటో ఎక్కింది.

108కి చేద్దామనేలోపే ఎదురింటి తమ్ముడు బండి తీశాడు. కాన్వెంట్ జంక్షన్ మీదుగా ఒక్క కుదుపు లేకుండా తీసుకెళ్లాడు, డబ్బులు ముట్టుకోలేదు. కేజీహెచ్ ఆసుపత్రి గేటు దగ్గర ఆశా అక్క మాకంటే ముందే ఉన్నారు. "కార్డు తెచ్చావేటమ్మా?" అన్నారు. తేలేదు. బ్యాగులో బిడ్డ టోపీలు మూడున్నాయి, కార్డు లేదు! మా ఆయన పరుగెత్తారు.

నొప్పులు ఉదయం మొదలయ్యాయి. సాయంత్రానికి పాప.

ఆంటీ, బారసాల 21వ రోజున. మీ పెన్సిల్ నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకోండి.